పదాలు దాచుకునే ఎక్స్‌టెన్షన్‌కు గోప్యతా విధానం: "ఏమీ సేకరించము" అని రాయవచ్చా?

ప్రశ్న

నమస్కారం. వెబ్ పేజీలు చదువుతున్నప్పుడు తెలియని పదం ఎదురైతే అక్కడికక్కడే అర్థం చూపించి, కావాలంటే ఆ పదాన్ని దాచుకునే వీలు కల్పించే ఒక చిన్న బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌ను నేను ఒక్కడినే తయారు చేశాను. పాఠకుడు ఒక పదాన్ని ఎంపిక చేయగానే అది ఇతరులు నడిపే ఒక నిఘంటువు సర్వర్‌కు వెళ్తుంది, అర్థం పక్కనే చిన్న పెట్టెలో కనిపిస్తుంది. "దాచు" అన్న బటన్ నొక్కితే ఆ పదం, అది వచ్చిన వాక్యం, ఆ పేజీ చిరునామా మూడూ బ్రౌజర్ సింక్ స్టోరేజ్‌లో చేరతాయి. నాకంటూ సర్వర్ ఏదీ లేదు. ఎక్స్‌టెన్షన్ ఎక్కడైనా చెడితే నాకు తెలియాలని ఒక ఎర్రర్ రిపోర్టింగ్ లైబ్రరీని (లోపాల వివరాలు పంపే, ఇతరులు రాసిన సిద్ధమైన కోడ్‌ను) మాత్రం చేర్చాను. ఏ పేజీలోనైనా పనిచేయాలి కాబట్టి మానిఫెస్ట్‌లో (ఎక్స్‌టెన్షన్ వివరాలూ అనుమతులూ రాసే ఫైల్‌లో) అన్ని సైట్లకూ అనుమతి అడిగాను.

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల స్టోర్‌లో పెట్టడానికి గోప్యతా విధానం అవసరమైంది కనుక ఒక నమూనాను తీసుకుని పేర్లు మార్చి సిద్ధం చేశాను. అందులో పదకొండు భాగాలు ఉన్నాయి. కుకీల గురించి, చెల్లింపుల గురించి, వార్తాలేఖల గురించి వివరంగా ఉంది గానీ వాటిలో ఒక్కటీ నా ఎక్స్‌టెన్షన్‌లో లేదు. దాన్ని చదివిన ఒక మిత్రురాలు "నేను చదివే పేజీలన్నీ నీకు తెలుస్తాయా?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ఆ పదకొండు భాగాల్లో ఎక్కడా లేదని అప్పుడు గ్రహించి చాలా బాధపడ్డాను. ఇప్పుడు దాన్నంతా పక్కన పెట్టి "మేము మీ సమాచారం ఏదీ సేకరించము" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టాలనిపిస్తోంది. అది నిజమే అవుతుందా? కాకపోతే, అన్నీ చెబుతూనే చదవగలిగేలా ఎలా రాయాలి?

జవాబు 1

ఆ వాక్యం మీ విషయంలో నిజం కాదు. మీరు అబద్ధం చెప్పాలనుకోవడం లేదని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది. "సర్వర్ లేదు కాబట్టి సేకరణ లేదు" అని మనలో చాలామందికి సహజంగానే అనిపిస్తుంది. అయితే చదివేవారికి కావలసింది మీ దగ్గర సర్వర్ ఉందా లేదా అన్నది కాదు, తమ కంప్యూటర్ నుంచి ఏది బయటికి పోతోంది, ఎవరికి చేరుతోంది అన్నది.

అందువల్ల వాక్యాలను పక్కన పెట్టి ముందు కోడ్ తెరవండి. డేటాను బయటికి పంపే ఫెచ్, సెండ్‌బీకన్, వెబ్‌సాకెట్, దాచే స్టోరేజ్ అన్న మాటలు ఎక్కడెక్కడ వస్తున్నాయో వెతకండి. మీరు రాసిన ఫైళ్లలోనే కాదు, చేర్చుకున్న లైబ్రరీలలో కూడా. ఆ తర్వాత బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్‌లో, బయటికి వెళ్లే అభ్యర్థనలను చూపించే నెట్‌వర్క్ భాగం తెరిచి ఉంచి, సర్వీస్ వర్కర్‌దీ (వెనక నడిచే ఎక్స్‌టెన్షన్ కోడ్‌దీ) పేజీదీ విడివిడిగా గమనిస్తూ, ఒక రోజంతా ఎక్స్‌టెన్షన్‌ను మామూలుగా వాడండి. కనిపించిన ప్రతి అభ్యర్థనకూ ఏది పోయింది, ఎప్పుడు పోయింది, ఎవరి దగ్గరికి పోయింది, అక్కడ ఎంతకాలం ఉంటుంది అని కాగితం మీద రాసుకోండి. గోప్యతా విధానం అంటే ఆ కాగితాన్ని మామూలు మాటల్లోకి తేవడమే. నమూనాతో మొదలుపెట్టినవారు తమ కోడ్‌లో లేనివాటి గురించి పేజీలు నింపి, ఉన్నదాన్ని వదిలేయడం నేను చాలాసార్లు చూశాను.

మీ వివరణను బట్టి నాకు నాలుగు చోట్ల ఆగాలనిపించింది.

మొదటిది నిఘంటువు. పదం వెళ్తుందని మీరే చెప్పారు. దాంతోపాటు వాడుకరి ఐపీ చిరునామా, బ్రౌజర్ రకం కూడా ఆ సర్వర్‌కు తెలుస్తాయి, ఎందుకంటే ఏ వెబ్ అభ్యర్థనకైనా అవి వెంట వెళ్తాయి. ఇంతకంటే నన్ను కలవరపెట్టింది "ఎంపిక చేయగానే" అన్న మాట. చదువుతూ చదువుతూ పదాల మీద రెండుసార్లు నొక్కే అలవాటు చాలామందికి ఉంటుంది. కాపీ చేయడానికి ఒక పేరా మొత్తం ఎంపిక చేస్తారు. ఆ పేజీ తమ ఈమెయిల్ కావచ్చు, వైద్య నివేదిక కావచ్చు. వారు అర్థం అడగకుండానే ఆ మాటలు ఇంకొకరి సర్వర్‌కు చేరిపోతాయి. దీన్ని విధానంలో ఎంత స్పష్టంగా రాసినా అది మంచి పని అయిపోదు. కుడి క్లిక్ మెనూలోనో, కీబోర్డ్ షార్ట్‌కట్‌తోనో వాడుకరి స్వయంగా అడిగినప్పుడే పంపండి. మూడు నాలుగు పదాలకు మించి ఎంపిక చేస్తే అసలు పంపకండి.

అలా మార్చితే రెండో చిక్కు కూడా దానంతటదే తీరుతుంది. అన్ని సైట్లకూ అనుమతి అడిగినప్పుడు, క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ చేర్చుకునే సమయంలోనే, అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటా మొత్తాన్ని ఇది చదవగలదు, మార్చగలదు అన్న హెచ్చరిక కనిపిస్తుంది. మీ మిత్రురాలి ప్రశ్నకు మూలం అదే అయి ఉంటుందని నా ఊహ. వాడుకరి స్వయంగా పిలిచినప్పుడే పనిచేసే ఎక్స్‌టెన్షన్‌కు యాక్టివ్‌ట్యాబ్ అనుమతి చాలు. ఐకాన్ నొక్కినా, మెనూలో ఎంచుకున్నా, షార్ట్‌కట్ వాడినా అప్పుడు తెరిచి ఉన్న ట్యాబ్‌కు మాత్రమే తాత్కాలికంగా ప్రవేశం దొరుకుతుంది. వేరే సైట్‌కు వెళ్లినా ట్యాబ్ మూసినా అది రద్దవుతుంది. ఆ హెచ్చరికా కనిపించదు. అన్ని పేజీలూ చదవగలం గానీ చదవం అని రాయడానికీ, మీరు పిలిచిన పేజీని తప్ప మరొకదాన్ని చదవలేం అని రాయడానికీ ఉన్న తేడాను చూడండి. మొదటిదానికి వాడుకరి మిమ్మల్ని నమ్మాలి. రెండోదానికి బ్రౌజరే సాక్ష్యం చెబుతుంది.

మూడోది సింక్ స్టోరేజ్. వాడుకరి క్రోమ్‌లో లాగిన్ అయి సింక్ ఆన్ చేసి ఉంటే, అందులో దాచినవి గూగుల్ ఖాతా ద్వారా వారి ఇతర పరికరాలకు చేరతాయి. మీకు కనిపించవు, నిజమే. కానీ "మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి" అని రాస్తే తప్పవుతుంది. పైగా సింక్ స్టోరేజ్‌కు మొత్తం పరిమితి సుమారు 100 కేబీ, ఒక్కో అంశానికి 8 కేబీ; వాక్యాలూ పేజీ చిరునామాలూ చేరే జాబితాకు అది ఎక్కువ రోజులు సరిపోదు. ఆ కంప్యూటర్‌లోనే ఉండే లోకల్ స్టోరేజ్‌కు పరిమితి 10 ఎంబీ, ఎక్స్‌టెన్షన్ తీసేస్తే అందులోని డేటా కూడా పోతుంది. దానికి మారితే మీ విధానంలో ఒక పేరా తగ్గి ఒక వాక్యం మిగులుతుంది. కోడ్‌లో ఒక మంచి నిర్ణయం విధానంలో పది వాక్యాలకు సమానమని నాకు అనుభవంలో తెలిసింది.

నాలుగోది ఎర్రర్ రిపోర్టులు. ఇలాంటి లైబ్రరీలు లోపం జరిగిన చోటుతోపాటు పేజీ చిరునామాను కూడా పంపే అవకాశం ఎక్కువ. పేజీ చిరునామాను చిన్న విషయం అనుకోకూడదు. ప్రశ్నార్థకం తర్వాతి భాగంలో వెతికిన మాటలు ఉంటాయి, ఒక్కోసారి పాస్‌వర్డ్ మార్చుకునే లింకుల్లోని రహస్య సంకేతాలు కూడా ఉంటాయి. అంటే "నేను చదివే పేజీలన్నీ నీకు తెలుస్తాయా?" అన్న ప్రశ్నకు ఈ రోజు మీ నిజమైన జవాబు "లోపం వచ్చిన ప్రతి పేజీ తెలుస్తుంది" అని. అది మీకు ఇష్టమేనా? కాకపోతే లైబ్రరీని తీసేయండి, లేదా చిరునామాను పూర్తిగా తొలగించి, వాడుకరి ఒప్పుకున్నాకే పంపేలా చేయండి.

జవాబు 2

పై జవాబులో చెప్పినదంతా చేశాక రాయడానికి కూర్చున్నప్పుడు ఎదురయ్యే చిక్కు గురించి నేను చెబుతాను, ఎందుకంటే కోడ్ శుభ్రంగా ఉన్నా భాష మబ్బుగా ఉన్న విధానాలను సరిదిద్దే పని నేను కొన్నాళ్లు చేశాను.

2018 మే 25 నుంచి అమల్లో ఉన్న ఐరోపా సమాఖ్య డేటా రక్షణ నిబంధన, అంటే జీడీపీఆర్, 12వ అధికరణంలో ఈ సమాచారం క్లుప్తంగా, పారదర్శకంగా, అర్థమయ్యేలా, సులభంగా దొరికేలా, స్పష్టమైన సరళమైన భాషలో ఉండాలని కోరుతుంది. దాన్ని వివరిస్తూ అక్కడి నియంత్రణ సంస్థల బృందం ఇచ్చిన మార్గదర్శకాల్లో, మీ డేటాను కొత్త సేవలు రూపొందించడానికి ఉపయోగించవచ్చు అన్న తరహా వాక్యాన్ని చెడ్డ ఉదాహరణగా చూపించారు. అవి ఏ సేవలో, ఆ డేటా వాటికి ఎలా ఉపయోగపడుతుందో ఆ వాక్యంలో లేదు. "వచ్చు", "కొన్ని", "తరచుగా" వంటి మాటలను వీలైనంత దూరం పెట్టమని కూడా ఆ మార్గదర్శకాల్లో ఉంది. మీ నమూనాలో "వచ్చు" ఎన్నిసార్లు ఉందో ఒకసారి లెక్కపెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ ఒక పని చేస్తుంది, లేదా చేయదు. ఫలానా బటన్ నొక్కినప్పుడే చేస్తుందంటే ఆ షరతును చెప్పాలి.

తెలుగులో రాసేటప్పుడు మనకు ప్రత్యేకంగా ఇంకొక ప్రమాదం ఉంది. "సమాచారం సేకరించబడుతుంది", "పంపడం జరుగుతుంది" అని రాయగానే చేసేవాడు వాక్యంలోంచి మాయమైపోతాడు. గోప్యతా విధానంలో చదివేవారికి అన్నిటికంటే ముఖ్యమైనది ఆ చేసేవాడే. "మీ పదాన్ని ఎక్స్‌టెన్షన్ నిఘంటువు సర్వర్‌కు పంపుతుంది" అని రాస్తే ఎవరు, ఏది, ఎవరికి అన్న మూడూ ఒక్క వాక్యంలో ఉంటాయి. "బడు", "జరుగు" కనిపించిన ప్రతి చోటా ఆగి కర్తను తిరిగి తీసుకురండి. అలాగే, ఒక్కరే చేస్తున్నప్పుడు "మేము" అనకండి. ఒక సంస్థ, ఒక భద్రతా విభాగం ఏవో వెనక ఉన్నాయన్న భ్రమ ఆ ఒక్క మాటతో కలుగుతుంది.

"సేకరణ" అన్న మాటను కూడా నేను వీలైనంత వదిలేస్తాను. కంప్యూటర్‌లో దాచడం, మీకు చేరడం, మూడో వ్యక్తికి చేరడం, ఈ మూడింటినీ ఆ మాట కలిపేస్తుంది. "మీ కంప్యూటర్‌లో ఉంటుంది", "నాకు చేరుతుంది", "నిఘంటువు నడిపేవారికి చేరుతుంది" అని విడదీసి రాస్తే వాడుకరి ఎక్కడా తడబడడు.

మరొక మాట, "అనామక డేటా". 2006లో ఏఓఎల్ అన్న అమెరికా ఇంటర్నెట్ సంస్థ దాదాపు 6,50,000 మంది వాడుకరుల వెతుకులాటలను, పేర్లు తీసి సంఖ్యలు పెట్టి, పరిశోధన కోసం బయటపెట్టింది. కొద్ది రోజుల్లోనే విలేఖరులు ఒక సంఖ్య వెనక ఉన్న మనిషిని, ఆమె వెతికిన మాటలను బట్టే, గుర్తుపట్టి ఇంటికి వెళ్లి మాట్లాడారు. మీ ఎక్స్‌టెన్షన్‌లో చేరేవి కూడా మనుషులు చదివిన వాక్యాలూ పేజీలే. అందువల్ల ఏది తొలగించారో నేరుగా చెప్పండి, "అనామకం" అన్న ముద్ర వేయకండి.

జవాబు 3

స్టోర్ సంగతి క్లుప్తంగా చెబుతాను. క్రోమ్ వెబ్ స్టోర్‌లో విధానం లింకు ఇచ్చే చోటే, ఎక్స్‌టెన్షన్ ఏకైక ప్రయోజనం ఏమిటి, ప్రతి అనుమతీ ఎందుకు కావాలి, ఏ రకాల డేటాను తీసుకుంటుంది అన్నవి కూడా నింపాలి. వ్యక్తిగత గుర్తింపు వివరాల నుంచి వెబ్ చరిత్ర, వెబ్‌సైట్‌లోని విషయం వరకు అక్కడ తొమ్మిది రకాలు ఉంటాయి. ఆమోదిత సందర్భాలకు బయట డేటాను అమ్మననీ ఇతరులకు బదిలీ చేయననీ, ఏకైక ప్రయోజనానికి సంబంధం లేని పనికి వాడననీ, అప్పు అర్హతను తేల్చడానికి వాడననీ హామీ కూడా ఇవ్వాలి. ఫైర్‌ఫాక్స్‌లోనైతే 2025 నవంబర్ 3 నుంచి కొత్తగా సమర్పించే ప్రతి ఎక్స్‌టెన్షన్ తాను ఏ డేటాను బయటికి పంపుతుందో మానిఫెస్ట్‌లోనే ప్రకటించాలి. ఏదీ పంపకపోతే ఆ సంగతినే ప్రకటించాలి. మీరు పదాన్ని పంపుతారు కాబట్టి "ఏదీ లేదు" అని పెట్టకూడదు.

ఫారంలో ఒకటి, విధానంలో మరొకటి, స్టోర్ వివరణలో ఇంకొకటి ఉండకూడదన్నది నా ముఖ్యమైన మాట. వాడుకరులు సాధారణంగా స్టోర్ వివరణ ఒక్కటే చదువుతారు. చెప్పిన మాటకూ చేసిన పనికీ మధ్య దూరం ఎంత దూరం పోగలదో తెలియాలంటే అవాస్ట్ ఉదంతం చూడండి. ఆన్‌లైన్ నిఘా నుంచి కాపాడతామని చెప్పిన యాంటీవైరస్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల ద్వారానే వాడుకరుల బ్రౌజింగ్ చరిత్రను తీసుకుని, జంప్‌షాట్ అన్న అనుబంధ సంస్థ ద్వారా అమ్మారన్న ఆరోపణపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో 1.65 కోట్ల డాలర్లు చెల్లించమని కోరింది. ప్రకటనల కోసం బ్రౌజింగ్ డేటాను అమ్మకుండా నిషేధం కూడా విధించింది. మీది చిన్న ఎక్స్‌టెన్షనే, మీ ఉద్దేశం వేరే; కానీ వాడుకరికి ఈ రెండూ బయటి నుంచి ఒకేలా కనిపిస్తాయి. తేడా చూపించగలిగేది మీరు రాసే ఆ ఒక్క పేజీయే.

ప్రశ్న అడిగిన వ్యక్తి

ముగ్గురికీ కృతజ్ఞతలు. మూడు రోజులు ఆగి, నెట్‌వర్క్ భాగాన్ని తెరిచి ఉంచి వాడి చూశాను. మొదటి జవాబులో చెప్పినట్టే ఎర్రర్ లైబ్రరీ పేజీ చిరునామాను పూర్తిగా పంపుతోంది. నాకే తెలియకుండా ఇన్నాళ్లూ అలా జరిగిందని చూసి సిగ్గుపడ్డాను. దాన్ని పూర్తిగా తీసేశాను. కుడి క్లిక్ మెనూకూ, యాక్టివ్‌ట్యాబ్‌కూ, లోకల్ స్టోరేజ్‌కూ మారాను. మూడు పదాలకు మించి పంపదు. ఇదీ కొత్త చిత్తుప్రతి:

"ఈ ఎక్స్‌టెన్షన్‌ను తయారు చేసి నడుపుతున్నది నేను ఒక్కడినే. మీరు ఏ పేజీలు చదువుతున్నారో నాకు తెలియదు. మీరు ఒక పదాన్ని ఎంపిక చేసి, కుడి క్లిక్ మెనూలో 'అర్థం చూపించు' నొక్కినప్పుడు, ఎక్స్‌టెన్షన్ ఆ పదాన్ని మాత్రమే నిఘంటువు సర్వర్‌కు పంపుతుంది. ఆ సర్వర్‌ను నడిపేది నేను కాదు. మీరు 'దాచు' నొక్కితే ఆ పదాన్నీ, దాని వాక్యాన్నీ, పేజీ చిరునామానూ ఎక్స్‌టెన్షన్ మీ కంప్యూటర్‌లో సురక్షితంగా దాస్తుంది. అవి నాకు ఎప్పుడూ చేరవు. ఎక్స్‌టెన్షన్‌ను తీసేస్తే అవి కూడా పోతాయి. ఈ విధానం మారవచ్చు. దయచేసి అప్పుడప్పుడు ఈ పేజీని చూస్తూ ఉండండి."

జవాబు 1 ఇచ్చిన వ్యక్తి

చాలా బాగుంది. రెండో వాక్యంలోనే మీ మిత్రురాలికి జవాబు దొరుకుతుంది. అయితే నాలుగు చోట్ల చేయి పెట్టాలి.

"ఆ పదాన్ని మాత్రమే" అన్నది ఖచ్చితం కాదు. ఐపీ చిరునామా, బ్రౌజర్ రకం కూడా వెళ్తాయి కాబట్టి ఆ మాట చెప్పి, ఆ నిఘంటువు పేరునూ దాని గోప్యతా విధానం లింకునూ ఇవ్వండి. వారు లాగ్‌లను (వచ్చిన అభ్యర్థనల నమోదులను) ఎంతకాలం ఉంచుతారో వారి విధానంలో చదివి, అక్కడ లేకపోతే వారికే రాసి అడగండి. వారి జవాబు మీకు నచ్చకపోతే వేరే నిఘంటువును వెతుక్కోవడం కూడా ఒక దారే.

"సురక్షితంగా" అన్న మాటను తీసేయండి. లోకల్ స్టోరేజ్‌ను ఎక్స్‌టెన్షన్ దానంతటదే గుప్తీకరించదు. అదే కంప్యూటర్‌ను, అదే బ్రౌజర్ ప్రొఫైల్‌ను వాడే మరొకరు ఆ జాబితాను తెరిచి చూడగలరు. కలిసి వాడుకునే కంప్యూటర్‌లో ఉన్నవారికి ఆ వాక్యమే అన్నిటికంటే ఉపయోగం. ఒక్కో పదాన్నీ, మొత్తం జాబితానూ ఎలా తుడిచేయాలో కూడా అక్కడే చెప్పండి, ఎందుకంటే డేటాను తీసేయడానికి ఎక్స్‌టెన్షన్‌నే తీసేయాల్సి రావడం సరైన పద్ధతి కాదు.

మీకు రాయడానికి ఒక ఈమెయిల్ చిరునామా లేదు. అదొక్కటి లేకపోతే మిగతాదంతా ఒకవైపు మాటే.

చివరి వాక్యం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఒకసారి చేర్చుకున్న ఎక్స్‌టెన్షన్ విధానం పేజీని మళ్లీ వచ్చి చూసేవారు దాదాపు ఉండరని మనకు తెలిసీ, చూస్తూ ఉండండి అనడం బాధ్యతను వారి మీదకు నెట్టడమే. ఎక్స్‌టెన్షన్లు వాటంతటవే అప్‌డేట్ అవుతాయి, చేతులు కూడా మారతాయి. ద గ్రేట్ సస్పెండర్ అన్న ప్రసిద్ధ ఎక్స్‌టెన్షన్‌ను దాని కర్త 2020లో మరొకరికి అప్పగించాక, హానికరమైన కోడ్ ఉందంటూ 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని తొలగించింది. నమ్మి చేర్చుకున్నవారికి అప్పటిదాకా యజమాని మారిన సంగతే తెలియలేదు, చాలామంది విషయంలో. కాబట్టి డేటా పోయే దారి మారితే ఏం చేస్తారో మాట ఇవ్వండి, ఆ మాటను కోడ్‌లో కూడా పెట్టండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అన్నీ సరిదిద్దాను. నిఘంటువు నడిపేవారికి ఈ రోజే రాశాను; వారి జవాబు వచ్చేదాకా స్టోర్‌కు పంపను. చివరి వాక్యం స్థానంలో ఇది పెట్టాను:

"మీ నుంచి బయటికి వెళ్లేదాంట్లో ఏదైనా మారితే, లేదా ఈ ఎక్స్‌టెన్షన్‌ను నేను మరొకరికి అప్పగిస్తే, ఆ మార్పు అమల్లోకి రాకముందే ఎక్స్‌టెన్షన్‌లోనే ఒక సందేశం చూపిస్తాను. మీరు 'సరే' అనేదాకా కొత్తగా ఏదీ బయటికి వెళ్లదు. పాత ప్రతులన్నీ తేదీలతో ఇదే పేజీలో ఉంటాయి."

మొత్తం కలిపి పదిహేడు వాక్యాలు వచ్చాయి. నా మిత్రురాలికి పంపితే ఈసారి వేరే ప్రశ్న అడిగింది: దాచుకున్న జాబితాను ఫైల్‌గా బయటికి తీస్తే అందులో పేజీ చిరునామాలు కూడా వస్తాయా అని. వస్తాయి. ఆ సంగతి విధానంలో లేదు, ఎగుమతి బటన్ దగ్గర కూడా లేదు. రెండు చోట్లా చేరుస్తున్నాను.